మర్యాద నేర్చుకున్న షెడ్డు

మా కంపెనీ గేటు పక్క గోడ మీద మా అక్క కూతురి ఫోటో ఉంది. మనిషంత ఎత్తు. వెల్డింగ్ హెల్మెట్ నెత్తి మీదికి ఎత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉంటుంది. కింద ‘మా వైవిధ్యమే మా బలం’ అని ఇంతింత అక్షరాలు. ఆ ఫోటో తీసిన రోజు ఆమె నవ్వలేదు. ఫోటో తీసేవాడు ‘నవ్వండి మేడమ్, ఇంకొంచెం నవ్వండి’ అని ప్రాణం తోడేస్తే పళ్ళు చూపించింది, అంతే. దారిన పోయేవాళ్ళు ఆ గోడ చూసి ఈమెకి ఎంత అదృష్టం పట్టిందో అనుకుంటారు. ఒళ్ళు మండి, అసలు సంగతి నేనే రాద్దామని కూర్చున్నాను.

నాదీ ఆ కంపెనీలోనే ఉద్యోగం. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు చేసే షెడ్డు మాది. నేను స్టోర్సు కిటికీ దగ్గర కూర్చుంటాను. వెల్డింగ్ రాడ్లు, చేతి తొడుగులు, నల్ల అద్దాలు, ఏం కావాలన్నా నా కిటికీకి రావాల్సిందే. రాడ్లకి చెమ్మ తగలకూడదని వాటిని ఒక వేడి పెట్టెలో ఉంచుతాం. నా కుర్చీ దాని పక్కనే. ఏ కాలమైనా సరే నా కుడి భుజం మాత్రం ఉడుకుతూ ఉంటుంది. నా కోపానికి ఆ పెట్టే కారణమని షెడ్డులో అనుకుంటారు. ఆ పెట్టె రాకముందు కూడా నేనిలాగే ఉండేదాన్నని వాళ్ళకి తెలియదు పాపం.

మా అక్క పోయేనాటికి ఈ పిల్లకి తన జడ తను వేసుకోవడం కూడా రాదు. మా బావ మంచివాడేగానీ నోట్లోంచి మాట రావడం గగనం. పిల్లని నేనే పెంచానని గొప్పలు చెప్పుకోను. సగం నేను పెంచాను, సగం తనే పెరిగింది. చిన్నప్పటి నుంచీ దానిది ఒకటే గుణం. తప్పు చేస్తే దాచుకునేది కాదు, తెచ్చి చూపించేది. ‘ఎక్కడ తప్పో చెప్పు పిన్నీ, చెప్పకుండా మూతి ముడుచుకుంటే నాకెలా తెలుస్తుంది?’ అనేది. నాకా, నోరు ఊరుకోదు. నాలుగు తిట్టి మరీ చెప్పేదాన్ని. తిట్లన్నీ దులిపేసుకుని, అందులో తనకి పనికొచ్చే ముక్క ఏరుకుని వెళ్ళిపోయేది. ఏడ్చిన గుర్తు లేదు.

పెళ్ళయింది, కూతురు పుట్టింది. మా అల్లుడు సరుకుల వ్యాను నడుపుతాడు, నెమ్మదస్తుడు. ఇద్దరూ సంపాదిస్తేగానీ ఇల్లు నడవదని నేనే మా షెడ్డులో గ్రైండింగు పనిలో చేర్పించాను. వెల్డింగు అయ్యాక ఇనుము మీద మిగిలే గరుకుని అరగదీసే పని అది. చేతిలో మిషను రోజంతా వణుకుతుంది. మిషను ఆపినా చెయ్యి ఆగదు. కొన్నేళ్ళు గడిచేసరికి పొద్దున్నే ఆమె వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడిపోయేవి. సూది గుచ్చినా తెలిసేది కాదు. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. కూతురికి జడ వెయ్యడం చేతకాక మానేసింది. మా అల్లుడే నేర్చుకుని వేసేవాడు, పాపిడి వంకరగా తీసి.

డాక్టరు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘ఆ మిషను వదిలెయ్యమ్మా. వదలకపోతే ఈ వేళ్ళ మీద ఆశ వదులుకో’ అన్నాడు.

వదిలేసి ఎక్కడికి పోవాలి? మా షెడ్డులో మిషను వణుకు లేని పని ఒక్క వెల్డింగే. వెల్డరు కావాలంటే మాస్టరు దగ్గర ఏడాదిపాటు నేర్చుకోవాలి. ఆ తర్వాత పరీక్ష. ప్యాసైతే వెల్డరు, ఫెయిలైతే వచ్చిన చోటికే పో అంటారు. రెండోసారి ఛాన్సు ఇవ్వరు. అప్పటిదాకా ఆ పరీక్షకి ఒక్క ఆడమనిషి కూడా కూర్చోలేదు. మా పిల్ల కాగితం పెట్టుకుంటే షెడ్డంతా ఇకిలించింది. మాస్టరు ఇకిలించలేదు. ‘రేపు పొద్దున్న రా. వణికే చేతులతో వస్తే తన్ని తగలేస్తా’ అన్నాడు.

ఆ మాస్టరు గురించి చెప్పాలి. సన్నగా, కట్టెలా ఉంటాడు. మనిషిలో మాంసం లేదు, ఉన్నదంతా నోరే. షెడ్డులో ఈరోజు వెల్డర్లమని చెప్పుకునేవాళ్ళందరూ ఆయన చేతిలో తిట్లు తిన్నవాళ్ళే. ఎవడు రాడ్డు ముట్టించినా వెనక నిలబడతాడు. చప్పుడు వింటాడు. మంట చప్పుడు నూనెలో వేగినట్టు ఒకే తీరుగా వినపడాలట. తేడా వచ్చిందా, చేతిలో ఉన్న చిన్న సుత్తితో హెల్మెట్ మీద ఠంగుమని కొట్టి మొదలుపెడతాడు. సాయంత్రం అందరూ చేసిన ముక్కల్ని తన బల్ల మీద బిగించి, పెద్ద సుత్తితో ఒక్కటి వేసి, ఎక్కడ విరిగిందో అందరికీ చూపిస్తాడు. ఆ విరగ్గొట్టడం ఆయన ఒక్కడి పని. ఆ బల్లని ఇంకొకరు ముట్టుకునే ఆనవాయితీ లేదు. వేరే పాఠం, పుస్తకం ఏమీ ఉండవు. ఆయన విరగ్గొట్టాలి, తిట్టాలి. వీళ్ళు నేర్చుకోవాలి.

మొదటి రోజుల్లో హెల్మెట్ ఆమెకి పెద్దదై, కిందికి దించడానికి తల ఊపుతూ ఉంటే ‘పిచ్చుక’ అని పేరు పెట్టాడు.

‘ఒసేయ్ పిచ్చుకా! రాడ్డు పడుతున్నావా, పళ్ళు తోముతున్నావా? దగ్గరగా పట్టు! దానికి నువ్వంటే భయమా, నీకు అదంటే భయమా?’

ఇది మంచి రకం తిట్టు. చెడ్డ రకం కూడా ఉండేవి. వంటింటి పొగ చాలక ఇక్కడి పొగకి వచ్చావా అనేవాడు. ఆడది ముట్టుకుంటే ఇనుము కూడా అలుగుతుందనేవాడు. ఇంకోటి ఉంది, అది నేను రాయను. మొగవాళ్ళనీ తిట్టేవాడు గానీ, వాళ్ళు మొగవాళ్ళయినందుకు తిట్టేవాడు కాదు కదా! ఇది విని ‘పాతకాలం మాస్టర్లే నయం’ అని నిట్టూర్చేవాళ్ళుంటారని నాకు తెలుసు. వాళ్ళ నిట్టూర్పు వాళ్ళే ఉంచుకోవచ్చు. ఆ మూడో మాట విన్న రోజు నేను కిటికీ మూసేసి వెళ్ళి ఆయన మీద అరిచి వచ్చాను. మా పిల్ల నా మీద కోప్పడింది.

‘నువ్వు రాకు పిన్నీ. ఆయన కూసే కూతలు నాకు గుచ్చుకోవని కాదు. కానీ కూతల మధ్యలో పని చెప్తున్నాడు. అది నాకు కావాలి.’

అలాగే నేర్చుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆమె వెల్డింగు వరస తీరుగా రావడం మొదలైంది. ఒక సాయంత్రం మాస్టరు ఆమె ముక్కని రెండు దెబ్బలు వేసినా విరగలేదు. ‘ఏడిశావులే’ అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెప్పు. ఆ రాత్రి అన్నం తింటూ మా అల్లుడికి ఆ మాట చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయింది.

సరిగ్గా ఆ టైములో మర్యాద క్లాసు వచ్చిపడింది.

దానికి వేరే పెద్ద పేరుంది, వైవిధ్య శిక్షణ అని. షెడ్డులో మాత్రం మర్యాద క్లాసు అన్నారు. మా ట్యాంకులు కొనే పెద్ద కంపెనీ ఏదో, మీ దగ్గర ఇలాంటి శిక్షణ ఉందా అని అడిగిందట. ఉంది అని చెప్పేసి, ఆ తర్వాత పెట్టారు. మా ఆఫీసరు, మనుషుల వ్యవహారాలు చూసే ఆయన, మీటింగు హాల్లో కుర్చీలు వేయించి అందర్నీ కూర్చోబెట్టాడు. శిక్షణ ఇవ్వడానికి ఒక అమ్మాయి వచ్చింది. మంచి బట్టలు, మంచి గొంతు. చెడ్డ పిల్ల అని నేను అనను. చెప్పేదాన్ని నమ్మే చెప్పింది, అదే వచ్చిన చిక్కు.

ముందు మమ్మల్ని అందర్నీ ఒక గీత మీద నిలబెట్టింది. ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళు ఒక అడుగు ముందుకి వెయ్యండి అంది. చిన్నప్పుడే తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి. పని చేసే చోట మిమ్మల్ని చూసి ఎవరైనా నవ్వితే ఇంకో అడుగు వెనక్కి. మా ఆఫీసరు ముందుకి పోయి పోయి మైకు దగ్గర తేలాడు. మా పిల్ల వెనక్కి పోయి పోయి నీళ్ళ డ్రమ్ముకి తగులుకుంది. గోడ అడ్డం లేకపోతే రోడ్డు మీదికి పోయేదే. అందరూ తల తిప్పి ఆమెని చూశారు. అప్పటిదాకా వాళ్ళకి ఆమె పక్కన పనిచేసే మనిషి. ఆ క్షణం నుంచి డ్రమ్ము పక్కన నిలబడ్డ మనిషి అయింది.

తర్వాత ఆ అమ్మాయి, ‘మిమ్మల్ని ఇక్కడ ఏమేం మాటలు అన్నారో చెప్పండి. ఈ గదిలో చెప్పినది ఈ గది దాటదు’ అంది.

దాటాల్సిన పనేముంది? అన్నవాడు ఆ గదిలోనే మూడో వరసలో కూర్చుని ఉన్నాడు!

మా పిల్ల నసిగింది. వద్దండీ అంది. ఆ అమ్మాయి వదల్లేదు. భయపడకండి, మీ గొంతు మాకు ముఖ్యం అని పట్టుబట్టింది. మా పిల్లకి అబద్ధం చెప్పడం రాదు. చెప్పింది. ఆ అమ్మాయి ఒక్కో మాటా తెల్ల బోర్డు మీద నీలం రంగుతో రాసింది. వంటింటి పొగ, అలిగే ఇనుము, నేను రాయనన్న ఆ మూడోది కూడా. గుండ్రటి అక్షరాలు, ఒకదాని కింద ఒకటి. మాస్టరు మెడ వంచి తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు.

మా పిల్ల వెంటనే, ‘కానీ ఆయన నాకు పని బాగా నేర్పుతున్నారండీ’ అంది.

ఆ అమ్మాయి బాధగా నవ్వి మా వైపు తిరిగింది. ‘చూశారా? అవమానానికి ఎంతగా అలవాటు పడిపోతే దాన్నే సమర్థిస్తారో!’

ఆ తర్వాత ఏం అనకూడదో చెప్పారు. మారుపేర్లతో పిలవకూడదు. గొంతు పెంచకూడదు. నలుగురి ముందు తప్పు ఎత్తి చూపకూడదు. మనిషిని ముట్టుకోకూడదు, హెల్మెట్ మీద కొట్టడం కూడా అందులోకే వస్తుంది. అన్నీ న్యాయంగానే ఉన్నాయి. మరి తప్పుని ఎలా చెప్పాలి అన్నది మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కరూ చెప్పలేదు. నోట్లోంచి ముల్లు తీస్తామని వచ్చి నాలుక కోసి పట్టుకుపోయారు. చివర్న అందరికీ తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. మాస్టరుకి కూడా.

మర్నాడు పొద్దున్న ఆమె రాడ్డు ముట్టించింది. మాస్టరు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. కాసేపు విన్నాడు.

‘చాలా బాగుందండీ’ అని పక్కకి వెళ్ళిపోయాడు.

అండీ! నా చెవులని నేనే నమ్మలేదు. షెడ్డంతా అదే వరస. ఆమె వస్తే నవ్వులు ఆగిపోయేవి. టీ తాగే బల్ల దగ్గర జరిగి చోటిచ్చేవాళ్ళు, తాగడం ముగించి లేచిపోయేవాళ్ళు. ‘మేడమ్ వచ్చింది, నోరు జాగ్రత్త’ అని గొణుక్కునేవాళ్ళు. సాయంత్రం మాస్టరు అందరి ముక్కలూ విరగ్గొట్టేవాడు, ఆమెది మాత్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి ‘సూపరండీ’ అని జాగ్రత్తగా పక్కన పెట్టేవాడు. నలుగురి ముందు తప్పు ఎత్తి చూపకూడదు కదా మరి. తనది కూడా విరగ్గొట్టమని ఆమె అడిగేది. ‘ఎందుకండీ, కనిపిస్తూనే ఉందిగా’ అనేవాడు. ఆమెతోపాటు నేర్చుకుంటున్న పొడుగోడిని మాత్రం ఎప్పటిలాగే ఉతికి ఆరేస్తూనే ఉన్నాడు. వాడు మొగవాడు, వాడిని తిట్టిన మాటలు ఏ బోర్డుకీ ఎక్కవు.

ఆమె ఊరుకోలేదు. తను పని చేసే అర పొడుగోడి అర పక్కకి మార్పించుకుంది. ఎందుకో తెలుసా? వాడు తినే తిట్లు వినడానికి. మధ్యలో ఉన్న రేకు అవతల మాస్టరు అరుస్తూ ఉంటే ఈమె రాడ్డు ఆపి, చెవి ఒగ్గి వినేది. ‘చెయ్యి వాల్చరా దున్నపోతా’ అని వాడిని తిడితే ఈమె తన చెయ్యి వాల్చి చూసుకునేది. వాడి తప్పులూ ఈమె తప్పులూ ఒకటి కావు కదా! ఎవరి జ్వరానికో ఇచ్చిన మందు తను మింగినట్టుండేది.

ఒకసారి తనే మాస్టరు ఎదురుగా వెళ్ళి నిలబడింది. ‘మాస్టారూ, నన్ను తిట్టండి. ఆ మాటలు చెప్పినందుకు కోపముంటే దానికి కూడా కలిపి తిట్టండి. తప్పు మాత్రం చెప్పండి.’

‘అయ్యో, నాకేం కోపమండీ? మీరు బాగా చేస్తున్నారు’ అన్నాడు ఆయన, ఆఫీసు గది వైపు చూస్తూ.

ఇక నావల్ల కాలేదు. ఆయన రాడ్ల కోసం వచ్చినప్పుడు కట్ట చేతికివ్వకుండా పట్టుకున్నాను. మా పిల్లని ఎందుకు తిట్టవయ్యా అని లోకంలో ఎవరైనా తగువుకి దిగుతారా? నేను దిగాను.

‘బోర్డు మీద నా మాటలు రాశారమ్మా. నా కూతురంత పిల్ల రాసింది. అందరూ చదివారు. మళ్ళీ నోరు తెరవమంటావా?’ అన్నాడు.

‘బూతులు తిట్టమన్నానా? తప్పు చెప్పమంటున్నాను.’

‘నాకు ఆ రెండూ విడదీయడం రాదు. మా మాస్టరు నాకలాగే చెప్పాడు.’

‘అయితే నేర్చుకో.’

‘ఈ వయసులోనా?’

‘దానికి ఈ వయసులో రాడ్డు పట్టడం నేర్పట్లా?’

నవ్వాడు. చూస్తానులే అన్నాడు. మర్నాడు నిజంగానే ఆమె వెనక చాలాసేపు నిలబడ్డాడు. ఒకచోట ఆయన ముఖం చిట్లించాడు, చెయ్యి లేచింది, నోరు తెరుచుకుంది. అప్పుడే మా ఆఫీసరు ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని అటు వచ్చాడు, మా మొదటి మహిళా వెల్డర్ అని వేలు పెట్టి చూపిస్తూ. మాస్టరు నోరు మూసుకున్నాడు. ‘బాగుందండీ’ అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ప్రయత్నించినట్టు నాకు కనపడలేదు. మొదట్లో అది భయమే, ఒప్పుకుంటాను. తర్వాత్తర్వాత అది సుఖమైపోయింది. తిట్టడానికి దగ్గరుండి చూడాలి, వినాలి, పట్టించుకోవాలి. బాగుందండీ అనడానికి ఏముంది, నడుస్తూ అనేయొచ్చు.

పరీక్ష దగ్గరపడ్డాక ఒకరోజు ఆమె పరుగున నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఇనుప ముక్క. గ్రైండింగు వాళ్ళ దగ్గర సుత్తి అడిగి తనే కొట్టి చూసుకుందట. ఆ చేతులతో సుత్తి పట్టడానికి ఎంత అవస్థ పడిందో మణికట్టు మీద గీరుకుపోయిన చర్మం చెప్తోంది. ‘విరగలేదు పిన్నీ! చూడు, విరగలేదు!’ అంది. ఆ ముఖం చూసి నాకూ ధైర్యం వచ్చింది. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడికే ఎక్కడ డొల్లో కనపడుతుందని ఆమెకి తెలియదు. నాకు అసలే తెలియదు.

పరీక్షకి బయటి నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరినీ పలకరించడు, ఎవరి వైపూ చూడడు, ఇనుము వైపే చూస్తాడు. ఆమె, పొడుగోడు చెరొక జత పలకలు అతికించారు. పైకి ఆమెదే అందంగా వచ్చింది. చేపపొలుసుల్లా ఒకే తీరున వరస. ఇన్‌స్పెక్టరు రెండింటి నుంచీ సన్నటి బద్దలు కోయించాడు. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, వెల్డరు పాత రాడ్డు తీసి కొత్త రాడ్డు పెట్టిన చోటు మీదుగా. వాటిని ప్రెస్సులో పెట్టి వంచుతారు. లాడం లాగా వంగి కూడా తెరుచుకోకపోతే ప్యాసు.

పొడుగోడిది వంగింది. నున్నగా ఉంది.

ఆమెది సగం వంగి నోరు తెరిచింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. లోపల నల్లటి గీత, అతుక్కోకుండా వదిలేసిన చోటు. ఇన్‌స్పెక్టరు ఇంకో బద్ద పెట్టాడు. అదీ అంతే. ‘రాడ్డు మార్చిన ప్రతిచోటా ఇదే. పాత రాడ్డు ఆగినచోట మిగిలే గుంట కరిగించకుండా దాని మీదుగా పోతోంది. ఇది మొదట్లోనే పోవాల్సిన తప్పు. ఎవరూ చెప్పలేదా?’ అన్నాడు. ఆమె ఆ బద్దని చేతిలోకి తీసుకుని, తెరుచుకున్న చోట వేలు పెట్టి తడుముకుంది. వేలికి ఏమీ తెలియలేదనుకుంటాను, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది.

పొడుగోడు పక్కకి వచ్చి మెల్లిగా, ‘నాకూ అదే తప్పు ఉండేదక్కా. నిన్ను గేటు దగ్గర ఫోటో తీసిన రోజు మాస్టరు నా తల పగలగొట్టినంత పని చేశాడు’ అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మీటింగు. ముందే పెట్టుకున్నారు, పరీక్షకీ దానికీ సంబంధం లేదు. మర్యాద క్లాసు పెట్టి ఇన్నాళ్ళయింది, ఫలితం ఎలా ఉందో చూద్దామని. అదే హాలు, అవే కుర్చీలు, ఆ అమ్మాయే. మా ఆఫీసరు లేచి, క్లాసు తర్వాత షెడ్డులో దుర్భాష గురించి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని చెప్పాడు. అంతకుముందు కూడా రాలేదు, కానీ ఆ సంగతి ఎవరికి పట్టింది? ఆ అమ్మాయి హాలంతా చూసి మా పిల్ల దగ్గర ఆగింది. పొద్దున ఫెయిలైన సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పినట్టు లేదు.

‘మీరు చెప్పండి. ఇన్ని నెలల్లో ఎవరైనా మిమ్మల్ని ఒక్క మాటైనా అన్నారా?’

మా పిల్ల లేచి నిలబడింది. నిజం చెప్పడం తప్ప దానికి ఇంకోటి రాదని చెప్పాను కదా.

‘లేదండీ. ఒక్కరూ ఒక్క మాట కూడా అనలేదు.’

ఆ అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చప్పట్లు మొదలుపెట్టింది. ఆఫీసరు అందుకున్నాడు. హాలంతా కొట్టింది. మాస్టరు కూడా కొట్టాడు, నెమ్మదిగా, తల దించుకుని. నేను కొట్టలేదు. నా పక్కన కూర్చున్నామె కొట్టమని మోచేత్తో పొడిచింది కూడా.

మీటింగయ్యాక మాస్టరు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఉన్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. నేను వెనకే ఉన్నాను.

‘మాస్టారూ, రాడ్డు మార్చేచోట నేను తప్పు చేస్తున్నానని మీకు తెలుసా?’

ఆయన కుళాయి కట్టేశాడు. ‘తెలుసు.’

‘ఎప్పటినుంచి?’

‘క్లాసు మర్నాడు. అప్పటిదాకా చేసినవన్నీ ఒక్క రాడ్డుతో అయిపోయే చిన్న ముక్కలు. మొదటిసారి విన్నప్పుడే. రాడ్డు మార్చాక చప్పుడు వేరుగా వచ్చింది.’

‘ఆ రోజు చాలా బాగుందండీ అన్నారు.’

ఆమె తన రెండు చేతులూ ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. వేళ్ళ కొనలు తెల్లగా ఉన్నాయి. ‘వీటి సంగతి మీకు తెలుసు. నేను చేరిన మొదటి రోజే చెప్పాను. అయినా చెప్పలేదు. ఒక్కసారి మాస్టారూ. బండబూతులు తిట్టినా సరే, ఒక్కసారి చెప్తే సరిపోయేది.’

ఆ తెల్లబడ్డ వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది. అంతకుముందు అది ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన తుండుతో చేతులు తుడుచుకుని, రెండు చేతులూ జోడించాడు.

‘నన్ను క్షమించండి మేడమ్’ అని పక్కనుంచి ఒదిగి, ఆమె తగలకుండా తప్పుకుని వెళ్ళాడు.

వెంటపడి ఆయన్ని నాలుగు దులుపుదామని నేను కదిలాను. వద్దు పిన్నీ అని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు. ఎవరిని దులపాలో నాకూ తెలియలేదు. ఆ మాస్టరు పనికిమాలినవాడా? అవును. అంతకుముందు మంచివాడా? కాదు. ఆ అమ్మాయి చెడ్డదా? కాదు. కానీ అందరూ కలిసి, అంతా సవ్యంగా, మర్యాదగా, మా పిల్ల చేతుల్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ మిషను కింద పెట్టారు. దాన్ని విజయం అన్నారు.

మర్నాడు పొద్దున్న షెడ్డు తెరవగానే ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. గ్రైండింగు వాళ్ళకిచ్చే మందపాటి తొడుగులు అడిగింది. లేవన్నాను. ఆమె నా వెనక అరలో ఉన్న తొడుగుల దొంతర వైపు చూసింది, నా వైపు చూసింది.

‘ఇవ్వు పిన్నీ, ఆలస్యమవుతోంది’ అంది.

ఇచ్చాను.